పేషంట్‌తో సంబంధం: బాబాయి

అందరికీ వందనాలండి. మొన్న ఆదివారం కర్ర లేకుండా నా కాళ్ల మీద నేను నడుచుకుంటూ చర్చికి వచ్చా. ఆరాధన అయ్యాక అయ్యగారు సాక్ష్యం చెప్పు నాయనా అని మైకు చేతికిచ్చారు, రెండు ముక్కలు చెప్పేసరికి గొంతు పూడుకుపోయింది, దేవునికి స్తోత్రం, అందరికీ థాంక్స్ అనేసి కూర్చున్నా. ఇంటికొచ్చాక మనసు ఊరుకోలా. నాలుగు నెలలు నన్ను మోసినోళ్లకి ఒక్క ముక్కలో థాంక్స్ చెప్పి ఊరుకోవటం ఏంటి అనిపించింది. అందుకే ఇక్కడ రాస్తున్నా, కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

తెలియనోళ్ల కోసం చెప్తున్నా. నాకు 37 ఏళ్లు, పెళ్లి కాలేదు. గుంటూరులో మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో లెక్కలు రాస్తా, సొంతూరు పల్నాడు. నా 22వ ఏట నాన్న పోయారు, చెల్లెళ్లిద్దరి పెళ్లిళ్లు, ఆ అప్పులు తీరేసరికి నాకు 32 వచ్చినయ్. అమ్మ కూడా పోయి రెండేళ్లయింది. పెద్ద చెల్లి హైదరాబాదులో, చిన్నది కువైట్లో. నేను ఒక గది అద్దెకి తీసుకుని ఉంటున్నా.

జూలైలో ఒకరోజు రాత్రి పని ముగించుకుని వస్తుంటే వానలో బండి జారింది. తప్పు ఎవరిదీ కాదు, రోడ్డు మీద బురద. కుడి కాలు మోకాలి కింద ఎముక రెండు చోట్ల విరిగింది. రోడ్డు మీద వాళ్లే ఆటోలో వేసి ఆసుపత్రికి చేర్చారు, వాళ్ల పేర్లు కూడా నాకు తెలీదు, ముందు వాళ్లకి దండం. పొద్దున్నే ఆపరేషన్ చెయ్యాలి, రాడ్ వెయ్యాలి అన్నారు. అప్పుడు ఒకమ్మాయి కాయితం పట్టుకొచ్చి అటెండరు ఎవరండీ, సంతకం ఎవరు పెడతారు అని అడిగింది.

ఎవరూ లేరండీ అన్నా. ఆ మాట నా నోటి నుంచి వచ్చినప్పుడు కాలు నొప్పి కూడా తెలియలేదు నాకు. ఆ కాయితంలో ఒక గడి ఉంది, 'పేషంట్‌తో సంబంధం' అని. పదేళ్ల నుంచి మా ఇంట్లో వినపడే మాట అదే కదా, సంబంధం. సంబంధం వచ్చింది, సంబంధం పోయింది, సంబంధం చూడండి. ఆ గడి వైపు చూస్తూ పడుకున్నా.

పెద్ద చెల్లికి ఏడో నెల, డాక్టరు కదలొద్దన్నారు, ఆమెకి చెప్తే ఆగదు. ఎవరికి ఫోన్ చెయ్యాలో అర్థం కాక మన సంఘపెద్ద గారికి చేశా, అదే మన రిటైర్డ్ ఆర్టీసీ డ్రైవరు గారు. టైము పదకొండున్నర. ఇరవై నిమిషాల్లో వచ్చారు, లుంగీ మీదే, పైన వానకోటు. ఏమీ అడగలా, ఎట్లా జరిగిందని కూడా అడగలా, తల మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన చేసి, ఆ అమ్మాయి చేతిలో కాయితం తీసుకుని సంతకం పెట్టి ఆ గడిలో 'బాబాయి' అని రాశారు. నాకూ ఆయనకీ చుట్టరికం లేదు. ఊరు వేరు, కులం వేరు, ఇంటిపేరు వేరు. ఆదివారం వందనాలు చెప్పుకోవటం తప్ప ఆయనతో పట్టుమని పది మాటలు మాట్లాడింది లేదు అప్పటిదాకా. బాబాయ్, ఇది చదువుతున్నారో లేదో, పిన్ని చదివి వినిపిస్తుందిలే. ఆ ఒక్క మాట రాసినందుకు మీకు ఏమిచ్చినా నా బాకీ తీరదు.

ఆపరేషన్ అయ్యాక ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నా. యూత్ పిల్లలు వంతులేసుకున్నారు, రాత్రికి ఒకరు, పగలు ఒకరు. వాళ్లలో ఇద్దరు ఇంకా బీటెక్ చదువుతున్నారు, ఒకడు సెల్ షాపులో పనిచేస్తాడు, షాపు మూసి రాత్రి పదింటికి వచ్చి తెల్లారి అక్కడ్నుంచే పనికి పోయేవాడు. బెడ్ పాన్ పెట్టటం, తీసి కడగటం, తడిగుడ్డతో ఒళ్లు తుడవటం అన్నీ వాళ్లే. నాకు సిగ్గుతో చచ్చినంత పనయ్యేది, నాకంటే పదిహేనేళ్లు చిన్నోళ్లు. ఒకడైతే అన్నా, మా నాయనమ్మకి చేశా, అలవాటే, నువ్వు గోడ వైపు తిరుగు అని మామూలుగా చెప్పాడు. అట్లా మామూలుగా చెప్పటమే నాకు పెద్ద ఉపకారం. యార్డు హమాలీలు నలుగురు పని దిగాక అదే బట్టలతో, మిర్చి ఘాటుతో వచ్చి నా దిండు కింద డబ్బులు పెట్టి పోయారు. వాళ్లు మన సంఘం వాళ్లు కాదు, అయినా వచ్చారు. మా ఓనరు గారు రెండు నెలలు సగం జీతం పంపించారు, ఆయనకి కూడా కృతజ్ఞతలు.

ఇప్పుడు ఇంకో సంగతి చెప్పాలి, ఇది చెప్పకపోతే మిగతా కృతజ్ఞతలన్నీ సగమే అవుతయ్.

నా పక్క మంచంలో ఒక పెద్దాయన ఉండేవాడు, తుంటి విరిగింది. ఆయన భార్య కింద చాప వేసుకుని పడుకునేది. రాత్రి ఆయన కదిలితే తనకి మెలకువ రావాలని చీర కొంగు చివర ఆయన మణికట్టుకి ముడేసి పడుకునేది. మూడో రోజు రాత్రి రెండింటికి నొప్పికి నాకు మెలకువ వచ్చింది, అటు చూస్తే ఆ ముడి కనపడింది. ఆయన కొంచెం చెయ్యి లాగాడు, ఆమె వెంటనే లేచి ఏంది, నీళ్లా అంది. అంతే. నేను దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చా. ఆ రాత్రి వంతు యూత్ తమ్ముడు పక్కనే కుర్చీలో నిద్రపోతున్నాడు, వాడికి వినపడకూడదని.

నేను 26వ ఏట నుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం నాకు రాబోయే భార్య కోసం ప్రార్థన చేస్తా. ఇది ఎవరికీ చెప్పలేదు ఇన్నాళ్లూ. పేరు తెలీదు, ఊరు తెలీదు. ప్రభువా, ఆమె ఎక్కడున్నా క్షేమంగా ఉంచు, ఆమెకి జ్వరం వస్తే పక్కన ఎవరో ఒకరు ఉండేలా చూడు, ఒంటరిగా ఏడవనీయకు, ఇట్లా. 2016 డిసెంబరు 31 రాత్రి వాచ్ నైట్ కూడికలో వాగ్దాన కార్డు, అదే కొత్త ఏడాదికి ఒక బైబిలు వాక్యం రాసి ఉండే కార్డు, తీస్తే నాకు కీర్తన 68:6 వచ్చింది, 'దేవుడు ఏకాంగులను సంసారులుగా చేయువాడు'. ఆ కార్డు బైబిలు అట్ట లోపల అంటించుకున్నా. ఆ ఏడే అయిపోతుంది అనుకున్నా. తర్వాత వచ్చిన సంబంధాల్లో ఒకరు మీది చిన్నప్పటి చిలకరింపు బాప్తిస్మం, మళ్లీ నీళ్లలో మునిగి తీసుకుంటేనే పిల్లనిస్తాం అన్నారు, ఒకరికి సొంత ఇల్లు కావాలి, ఒకటి ప్రధానం, అదే నిశ్చితార్థం, దాకా వచ్చి ఆగిపోయింది. ఎవర్నీ ఏమీ అనట్లా, ఎవరి భయాలు వాళ్లవి. ప్రతిసారీ ఎవరో ఒకరు యెషయా 34:16 గుర్తు చేసేవారు, 'దేని జతపక్షి దానియొద్ద ఉండక మానదు' అని. ఆసుపత్రిలో పడుకుని ఆ అధ్యాయం మొత్తం మొదటిసారి చదివా. అది ఎదోము దేశం పాడుబడిపోవటం గురించి, మనుషులు లేని ఆ శిథిలాల్లో పక్షులు జతలుగా కాపురం ఉంటయ్ అని. పెళ్లి మాట అందులో లేదు. ఎన్నేళ్లు పట్టుకుని వేలాడానో ఆ వాక్యం మీద. ఆరోజు చాలా దిగులేసింది, నిజం చెప్తున్నా.

పొద్దున్నే మన సిస్టరమ్మ గారు వచ్చారు. చాలామందికి తెలుసు ఆమె, కుగ్లర్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు, 70 దాటినయ్, పెళ్లి చేసుకోలేదు. నా కళ్లు చూసి రాత్రంతా ఏడ్చావా అని అడిగారు. ఆ కొంగు ముడి సంగతి చెప్పా. నాకు ఈర్ష్యగా ఉందమ్మా అని కూడా చెప్పా.

నేను ఏమనుకున్నానంటే, ఇప్పుడు ఈమె నాకు కుగ్లరమ్మ గారి గురించి చెప్తారు అని. మన గుంటూరోళ్లకి ఆ కథ కంఠతా కదా, అన్నా కుగ్లర్ అనే డాక్టరమ్మ అమెరికా నుంచి 1883లో ఇక్కడికి వచ్చి, 1898లో ఆడవాళ్ల కోసం ఆసుపత్రి తెరిచి, 1930లో గుంటూరులోనే కన్నుమూసింది, పెళ్లి చేసుకోలేదు. ఆమె అంటే నాకు చాలా గౌరవం, కానీ పెళ్లి కాలేదని బాధపడే ప్రతివాడికీ ఆ పేరే చెప్పి, చూడు వాళ్లు ఒంటరిగా ఉండి ఎంత సేవ చేశారో అంటే మనసు ఇంకా మూసుకుపోద్ది. సిస్టరమ్మ అట్లా అనలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, కుగ్లరమ్మ గారు ఏమనుకున్నారో నాకు తెలీదు నాయనా, నా సంగతి చెప్తా అన్నారు. నాకూ కావాలనే ఉండేది. 45 ఏళ్లు వచ్చేదాకా అడిగా దేవుణ్ణి. క్రిస్మస్‌కి అందరూ కొత్త బట్టలతో పిల్లల్ని తీసుకుని వస్తుంటే నైట్ డ్యూటీ నేనే వేయించుకునేదాన్ని, ఇంట్లో ఉండలేక. అడగటం తప్పు కాదు. ఆశ ఉండటం విశ్వాసం తక్కువై కాదు. అది ఉన్నా నువ్వు ఆయన బిడ్డవే, తీరకపోయినా ఆయన బిడ్డవే.

తర్వాత సంచిలోంచి బైబిలు తీసి 38వ కీర్తన చదివారు. అది ఒంట్లో బాగాలేని మనిషి కీర్తన. 'ప్రభువా, నా అభిలాష అంతయు నీకే కనబడుచున్నది' అని ఒక మాట ఉంది అందులో. ఆ మాట దగ్గర ఆగి నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు, పావుగంట, ఏమీ మాట్లాడకుండా. పదకొండేళ్లలో నా ఆశని చిన్నబుచ్చకుండా, వెంటనే తీరిపోతుందని కూడా చెప్పకుండా పక్కన కూర్చున్న మొదటి మనిషి ఆమె. అమ్మా, మీకు నా కృతజ్ఞత ఎట్లా రాయాలో తెలియట్లేదు.

ఆ వారమే శుక్రవారం వచ్చింది. అలవాటు ప్రకారం కళ్లు మూసుకుని ప్రభువా, ఆమెకి ఒంట్లో బాగాలేకపోతే పక్కన ఎవరో ఒకరు ఉండేలా చూడు అని మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయా. కళ్లు తెరిస్తే కుర్చీలో మన పిల్లాడు, పుస్తకం ఒళ్లో పెట్టుకుని సెమిస్టర్ పరీక్షకి చదువుకుంటున్నాడు. కిటికీలో పిన్ని క్యారేజీ. నేను ఆమె కోసం ఏం అడుగుతున్నానో అది నాకు జరుగుతోంది. ఆ 68వ కీర్తన నాకు ఆరోజు వేరేగా వినపడింది. సంసారం అంటే భార్యాపిల్లలు అనే అనుకున్నా ఇన్నాళ్లు. ఆయన నన్ను ఇంటివాణ్ణి ఎప్పుడో చేశాడు, నేనే చూసుకోలేదు. అట్లాగని ఇక నాకు పెళ్లి అక్కర్లేదు అనట్లేదు, అట్లా రాస్తే అబద్ధం అవుద్ది. ఆ కొంగు ముడి ఇప్పటికీ గుర్తొస్తుంది, వచ్చినప్పుడు గుండెల్లో పట్టేసినట్టు ఉంటది.

డిశ్చార్జి అయ్యాక ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు. నా గది రెండో అంతస్తు, మెట్లు. బాబాయి వాళ్లు మారు మాట లేకుండా ముందు గది ఖాళీ చేసి మంచం వేశారు. స్త్రీల సమాజం వాళ్లు ఇంటింటికీ వంతు పెట్టుకుని వండి పంపారు, వారానికి రెండుసార్లు మేకకాళ్ల సూపు, పొద్దున రాగిజావ, ములగాకు పప్పు, బీరకాయ పాలు పోసి. ఎముక త్వరగా అతుక్కుంటదని నల్లేరు పచ్చడి చేసి పంపినోళ్లు కూడా ఉన్నారు. పిన్ని నాకు తలంటు పోసేది, అమ్మ పోయాక నా తల మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు, ఆరోజు నీళ్లలో కన్నీళ్లు కలిసిపోయినయ్, పిన్నికి తెలుసనుకుంటా, ఏమీ అనలేదు. వాకరు సంఘంలో ఒకరి ఇంట్లో పాతది ఉంటే ఇచ్చారు. చిన్న చెల్లి కువైట్ నుంచి రోజూ వీడియో కాల్ చేసి పిన్నితో మాట్లాడేది, ఇప్పుడు నాకంటే వాళ్లిద్దరే ఎక్కువ మాట్లాడుకుంటున్నారు. పెద్ద చెల్లికి పాప పుట్టింది, మొన్ననే చూసొచ్చా.

ఒక్క మనవి. నాకోసం ఇంకా ప్రార్థన చెయ్యండి, కాలు కోసమే కాదు, పెళ్లి కోసం కూడా. ఇన్నాళ్లూ సిగ్గుపడి ఎవర్నీ అడగలా, ఇప్పుడు అడుగుతున్నా. అట్లాగే మన సంఘంలోనే నాలాంటి వాళ్లు ఇంకో ఆరేడుగురు ఉన్నారు, అక్కలు, తమ్ముళ్లు. ఆదివారం కనపడగానే ఇంకా కాలేదా అని అడగకుండా మధ్యాహ్నం భోజనానికి పిలవండి, సిస్టరమ్మ గారిలాగా కాసేపు కూర్చోండి చాలు. వాళ్ల పేర్లు నా శుక్రవారం ప్రార్థనలో కలిపా.

వాకరు ఇవాళ పొద్దున శుభ్రంగా తుడిచి పెట్టా, అగ్రహారం వైపు ఉండే తాతగారికి కావాలంట, సాయంత్రం పిల్లలు వచ్చి తీసుకెళ్తారు. క్యారేజీలు మాత్రం మూడు నా దగ్గరే ఉండిపోయినయ్, ఒకటి నాలుగు గిన్నెలది, ఒకటి పిడికి ఎర్ర దారం కట్టింది, ఒకటి చిన్నది. ఎవరివో చెప్పండి. వచ్చే ఆదివారం తెస్తా, ఖాళీవి మాత్రం ఇవ్వను, పిన్ని దగ్గర అరిసెలు వండించి నింపి తెస్తా.