పిల్లి చెవిలో పురుగులు

అందరికీ నమస్కారం. పిల్లి అదేపనిగా తల విదిలిస్తూ, చెవి వెనక గీరుకుంటుంటే చెవి మడిచి లోపల చూడండి. కాఫీ పొడిలాంటి నల్లటి మడ్డి ఉంటే మైట్స్ అనే సన్నటి పురుగులు కావచ్చు. ఫంగస్ సోకినా దాదాపు అలాగే ఉంటుంది కాబట్టి ముందు డాక్టరుకు చూపించండి. కర్ణభేరి చిరిగి ఉంటే చుక్కల మందు లోపలికి దిగి ప్రమాదం. తల ఒక పక్కకి వాలిపోతుంటే అసలు ఆలస్యం చేయకండి.

డాక్టరిచ్చిన క్లీనర్ వేసి, చెవి మొదట్లో మెల్లగా నలిపి, పైకొచ్చిన మడ్డి వరకే దూదితో తుడవండి. ఇయర్ బడ్స్ వద్దు, మడ్డి ఇంకా లోపలికి పోతుంది. గుడ్డు పెద్ద పురుగు కావడానికి సుమారు 3 వారాలు. అందుకే గోకడం తగ్గిందని మందు మధ్యలో ఆపేయొద్దు, దయచేసి. ఇంట్లో మిగతా పిల్లులకీ కుక్కలకీ కూడా వైద్యం చేయించాలి.

కుక్కల మందు మాత్రం పిల్లికి వేయకండి. అందులో పెర్మెత్రిన్ అనే పురుగుల మందు ఉంటే పిల్లి ప్రాణమే పోవచ్చు.