పక్కనున్న బాపట్ల కూడా కనపడలేదా?

సంపాదక మహాశయా,

జాతీయ పత్రికా దినోత్సవం నాడు తెలుగు పత్రికా సంపాదకుల మీద మీరు వేసిన ప్రత్యేక పేజీ గురించి ఆలస్యంగానైనా రాయక తప్పడం లేదు. కాశీనాథుని నాగేశ్వరరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, నార్ల గారు... అందరూ ఉండాల్సినవాళ్ళే, కాదనను. కానీ అంత పేజీలో ఒక్క ఆడమనిషి పేరు లేదేమిటండీ? కనిపించిన ఒకే ఒక్క ఆడ ముఖం అడుగున పట్టుచీరల ప్రకటనలోది!

కృష్ణాపత్రిక పుట్టిందని మీరు గొప్పగా రాసిన 1902లోనే ‘హిందూసుందరి’ అనే స్త్రీల పత్రిక కూడా మొదలైంది. పెట్టింది సత్తిరాజు సీతారామయ్య గారే అయినా, సంపాదకత్వం వహించింది మొసలికంటి రమాబాయమ్మ, శాంతాబాయమ్మ. కాకినాడలో పులుగుర్త లక్ష్మీనరసమాంబ గారు ‘సావిత్రి’ పత్రిక నడిపారు. ఆవిడ వితంతు వివాహాలకు వ్యతిరేకి, నాకది బొత్తిగా నచ్చదు. అయినా వీరేశలింగం గారంతటి వారి ఉద్యమానికి ఎదురు నిలిచిన సంపాదకురాలిని వదిలేస్తారా?

సరే, కాకినాడ దూరం. బాపట్ల మాటేమిటి? కనుపర్తి వరలక్ష్మమ్మ గారు ఆంధ్రపత్రికలో ‘లీలావతి’ పేరుతో శీర్షిక రాశారు. తర్వాత ‘గృహలక్ష్మి’ పత్రికలో ఏళ్ళ తరబడి ‘శారద లేఖలు’. కల్పలత అనే స్నేహితురాలికి కబుర్లు చెబుతున్నట్టే మొదలుపెట్టి, బాల్యవివాహాలను ఆపే శారదా చట్టం దగ్గరికి తీసుకుపోయేవారు. వంటింట్లో ఉన్న మనిషికి చట్టం గురించి అంత తేలిగ్గా చెప్పగలిగేవాళ్ళు ఇప్పటి మీ విలేకరుల్లో ఎంతమంది? 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణం మొట్టమొదట ఆవిడకే ఇచ్చారు. బాపట్ల ఇప్పుడు వేరే జిల్లా కదా అని గుంటూరు ఎడిషన్ వాళ్ళు వదిలేశారేమో! ఆవిడ రాసే రోజుల్లో అదీ గుంటూరు జిల్లానే లెండి.

మిమ్మల్ని అని ఏం లాభం? ఇక్కడి ఒక గ్రంథాలయంలో పాత గృహలక్ష్మి సంపుటాలు అడిగితే ‘బైండింగుకు వెళ్ళాయి’ అంటారు. ఏళ్ళుగా అదే జవాబు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మాత్రం పైసా తగ్గదు. మార్చి 8న మహిళా దినోత్సవం వస్తే అధికారులు ఒకరికొకరు శాలువాలు కప్పుకుని, ఫొటో దిగి, టిఫిన్ తిని వెళ్ళిపోతారు. ఆ శాలువాల ఖర్చుతో ఆ పుస్తకాలకు అట్టలు వేయించొచ్చు.

మీ ఆదివారం సంచికలో రాశిఫలాలకు ఇచ్చే చోటులో సగం ఇచ్చినా శారద లేఖ ఒకటి మళ్ళీ వేయొచ్చు. ఈ ఉత్తరం వేస్తే మొత్తం వేయండి. పోయినసారి అసలు విషయం కోసేసి నా ఊరి పేరు మాత్రం ఉంచారు.

- విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని, బ్రాడీపేట, గుంటూరు