61 ఏళ్లకే 'వృద్ధుడు' ఎలా అవుతాడు?

ఎడిటర్ గారికి,

ఏటా అక్టోబరు 1న వృద్ధుల దినోత్సవం అని శాలువాలు, పండ్ల పంపిణీ ఫొటోలు వేస్తారు. మిగతా రోజుల్లో బైకు తగిలి పడిన 61 ఏళ్ల మనిషి కూడా జిల్లా ఎడిషన్‌లో 'వృద్ధుడే'. ఆ పొద్దునే పొలం గట్లు చెక్కి వచ్చి ఉంటాడు పాపం. పదేళ్లు అదే మాట వింటే మనిషి నమ్ముతాడు, నమ్మినంక మంచం దిగుడు తగ్గిస్తాడు.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణంలో 50 దాటిన 660 మంది వివరాలను యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకురాలు బెకా లెవీ బృందం 2002లో ప్రచురించింది. పెద్దవయసు మీద మంచి అభిప్రాయం ఉన్నవాళ్లు మిగతావాళ్ల కంటే దాదాపు ఏడున్నరేళ్లు ఎక్కువ బతికారు. ఆ అభిప్రాయమే ఆయుష్షు పోసిందని దీంతో రుజువు కాదు గానీ, తేడా మాత్రం కొట్టిపారేసేంత చిన్నది కాదు.

మేమిద్దరం ఫిజియోథెరపిస్టులం. మా దగ్గరికి వచ్చేవాళ్ల మొదటి ఫిర్యాదు మతిమరుపు. కళ్లద్దాలు ఎక్కడ పెట్టారో గుర్తుండదు. చాలాసార్లు అది మరుపే కాదు. ఫోను మాట్లాడుతూ పెట్టినప్పుడు ఆ సంగతి మనసుకు ఎక్కనే లేదు, ఎక్కనిది ఎట్లా గుర్తొస్తది? పెట్టేటప్పుడు "గూట్లో పెడుతున్నా" అని పైకి అని చూడండి, చాలావరకు తేడా తెలుస్తుంది. రోజూ పోయే దారి తప్పితే మాత్రం అది వేరే సంగతి, వెంటనే డాక్టరుకు చూపాలి.

రెండోది మోకాళ్లు. ఇక్కడ ఒక పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. చేతుల్లేని చెక్క కుర్చీ, సుమారు 17 అంగుళాల ఎత్తుది, గోడకు ఆనించాలి (ప్లాస్టిక్‌ది జారుతుంది). పక్కన ఒక మనిషి ఉండాలి. చేతులు ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, మడమలు మోకాళ్ల కంటే కొంచెం వెనక్కి జరిపి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి లేవాలి. 30 సెకన్లలో ఎన్నిసార్లు లేచారో లెక్కపెట్టాలి. 65 నుంచి 69 ఏళ్ల మగవాళ్లు 12 కంటే, ఆడవాళ్లు 11 కంటే తక్కువ లేస్తే కాళ్లలో బలం తగ్గిందని అర్థం. పరీక్ష అయ్యాక ఇట్లాగే రోజు మార్చి రోజు, ఐదేసి సార్లు రెండు విడతలు చేస్తే చాలు. ఎక్కువమంది తప్పు చేసేది కూర్చునేటప్పుడు: ధబాలున పడతారు. మూడు లెక్కపెడుతూ మెల్లగా దిగాలి, ఎందుకంటే తొడ కండకు అసలు పని అప్పుడే. ఊపిరి బిగబట్టొద్దు, బీపీ పెరుగుతుంది.

ఆ అంకె క్యాలెండర్ మీద రాయించండి. ఇంట్లోవాళ్లు రోజూ "నొప్పి ఎట్లుందే అవ్వా" అని అడిగితే ఆమె రోజంతా నొప్పినే చూసుకుంటుంది. "ఇయ్యాల ఎన్నిసార్లు లేచినవ్?" అంటే ధ్యాస అంకె మీదికి పోతుంది. ఒకసారి జారిపడ్డాక భయంతో నడక మానేసినవాళ్లకు ఇది మరీ అవసరం. కదలకపోతే కండ తగ్గుతుంది, కండ తగ్గితే మళ్లీ పడతారు.

అట్లని అంతా మనసే అనలేం. మా నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు వైపు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు నీళ్లు ఏళ్లకేళ్లు తాగినవాళ్లకు వెన్నెముక, కీళ్లు బిగుసుకుపోయి నడుము వంగుతుంది. వాళ్లకు "ధైర్యంగా ఉండు" అని చెప్పడం అన్యాయం. పై వ్యాయామం కూడా డాక్టరు చూశాకే. అట్లాగే కంటిలో శుక్లం, చెవిలో గులిమి, విటమిన్ బీ12 లోపం, థైరాయిడ్ తక్కువ కావడం ఇవన్నీ "వయసైపోయింది తియ్యి" అనే మాట కింద దాక్కుంటాయి, చూపిస్తే వైద్యం ఉన్నవే అయినా.

ఇంకొకటి: "నువ్వు కూసో" అని చేతిలోంచి కత్తిపీట గుంజుకోవద్దు. పాలమూరు నుంచి పిల్లలు ముంబై, పుణె పోయిన ఇళ్లలో సరుకుల లెక్క, మనవల బడి అవ్వాతాతలే చూస్తున్నరు. కొడుకు తిరిగొచ్చినంక ఆ లెక్కల పుస్తకం వాళ్ల దగ్గరే ఉంచాలి.

మీరు కూడా వార్తల్లో వయసు అంకె వేస్తే సరిపోతుంది. 'వృద్ధుడు' అనే మాట తీసేయగలరా?

– ఇద్దరు ఫిజియోథెరపిస్టులు, నల్లగొండ