బాపును బతికించిన అందరికీ దండాలు

మా బాపు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చారు. తింటున్నారు, మెల్లగా నడుస్తున్నారు. రోజూ ఫోన్ చేసి అడుగుతున్న చుట్టాలకు, ఊరివాళ్లకు ముందుగా ఈ మాట.

పత్తికి మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కొడుతూ ఆయన చేన్లో పడిపోయినప్పుడు పక్కన ఎవరూ లేరు. ఈ రోజుల్లో పత్తి ఛాతీ ఎత్తు ఉంటుంది, సాళ్ల మధ్య పడిన మనిషి గట్టు మీది నుంచి కనిపించడు. కానీ పవర్ పంపు మోత ఎంతసేపటికీ ఒక్కచోటు నుంచే వస్తోందని పక్క చేన్లో కలుపు తీస్తున్న వదినకు అనుమానం వచ్చింది. మందు కొట్టే మనిషి నడుస్తుంటే మోత కూడా కదలాలి కదా! చేతిలో పని వదిలేసి పరుగెత్తింది. వదినా, నీ రుణం ఎట్లా తీర్చుకోవాలో నాకు తెలియడం లేదు.

అన్న చేసినవన్నీ డాక్టర్ గారు మెచ్చుకున్నారు. చేతులకు కవర్లు చుట్టుకుని, పంపు దించి, మందుతో తడిసిన బట్టలు తీసేశాడు. సబ్బు పెట్టి బోరు నీళ్లతో ఒళ్లంతా కడిగాడు. ఈ మందు మింగకపోయినా చర్మంలోంచి దిగుతుంది, తడిబట్ట ఒంటి మీద ఉన్నంతసేపూ దిగుతూనే ఉంటుంది. వాంతి చేయిద్దామని ఎవరో ఉప్పునీళ్లు తెస్తే వద్దన్నాడట. స్పృహ సరిగా లేని మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బాపును ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేశాడు. మందు డబ్బా కూడా బండిలో పెట్టాడు. ఆసుపత్రిలో మొదట అడిగింది దాని గురించే.

బురద బాటలో చేను దాకా బండి తెచ్చిన పైలట్ అన్నకు, దారంతా నోట్లో నురగ లాగేస్తూ ఆక్సిజన్ పెట్టిన తమ్ముడికి, ఛాతీలో గురగుర తగ్గేదాకా విరుగుడు మందు అట్రోపిన్ డోసు సరిచూస్తూ తెల్లవార్లూ మంచం దగ్గరే ఉన్న నర్సు అక్కకు దండాలు. బాపు లేచి మాట్లాడగానే ఇంటికి తీసుకుపోతామంటే డాక్టర్ గారు పంపలేదు. ఈ విషానికి ఒకటి నుంచి నాలుగు రోజుల తర్వాత కూడా మెడ, ఊపిరి కండరాలు చచ్చుబడొచ్చట. అందుకే రోజూ దిండు మీది నుంచి తల ఎత్తించి చూసేవారు. 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొట్టిన రైతులు, కూలీలు 20 మందికి పైగా చనిపోయిన సంగతి ఆయనే చెప్పారు. అది విన్నాక అమ్మ ఇంటికి పోదామన్న మాట ఎత్తలేదు.

మిగిలిన చేనుకు మందు అన్న, ఇంకో బాబాయి కలిసి, ఒకరు కొడుతుంటే ఒకరు గట్టు మీద ఉండి పూర్తి చేశారు. కూలి ఇస్తే తీసుకోలేదు.

దసరాకు వీళ్లందరినీ భోజనానికి పిలవాలని బాపు పట్టు. బండిలో వచ్చిన ఆ తమ్ముడు ఎవరో మాకు తెలియదు. తెలిసినవాళ్లు మా ఇంటికి రమ్మన్నామని ఆయనకు చెప్పండి.