ఇంగ్లండ్‌లో పిల్లల కేర్ ఫ్రీ కాదండీ, లెక్క చూసుకోవాలి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ పేపర్లో ఇంగ్లండ్‌లో తొమ్మిది నెలల పిల్లల్నుంచి వారానికి 30 గంటల చైల్డ్‌కేర్ ఫ్రీ అని వేశారు, అది చదివి మా అత్తయ్య గారు అప్పటికప్పుడు ఫోన్ చేసి "మరి నువ్వెందుకమ్మా నర్సరీకి అంత కడుతున్నావ్" అన్నారు. మీరు రాసింది తప్పని కాదు, కాకపోతే సగమే రాశారు.

అసలు ముందు చూడాల్సింది వీసా. భార్యాభర్తలిద్దరి వీసాలోనూ పబ్లిక్ ఫండ్స్, అంటే ప్రభుత్వ సాయం, వాడకూడదని ఉంటే, ఈ 30 గంటలూ రావు, నేను కింద చెప్పే స్కీములూ రావు, మూడేళ్ళు నిండాక అందరు పిల్లలకీ ఇచ్చే 15 గంటలు మాత్రం వస్తాయి. మా పెద్దాడప్పుడు మా పరిస్థితి అదే, అమ్మ ఆర్నెల్లు, అత్తయ్య గారు ఆర్నెల్లు, ఒకరు దిగుతుంటే ఇంకొకరు ఎక్కుతున్నట్టు వచ్చి వెళ్ళేవాళ్ళు.

పీఆర్ (ఇక్కడే ఉండిపోయే హక్కు) వచ్చాక మొదలవుతుంది అసలు తలనొప్పి, ఏది తీసుకోవాలి అని. టాక్స్-ఫ్రీ చైల్డ్‌కేర్ అని నర్సరీ ఫీజుల కోసం ఒక ఆన్‌లైన్ అకౌంట్ ఉంటుంది, అందులో మనం 8 పౌండ్లు వేస్తే గవర్నమెంట్ 2 వేస్తుంది, వినడానికి బావుంది, కానీ వాళ్ళ వాటా ఒక్కో బిడ్డకి మూడు నెలలకి 500 దగ్గర ఆగిపోద్ది. నెలకి 1000 బిల్లైతే 200 చొప్పున మూడు నెలలకి 600 వస్తాయని మా ఆయన ఎక్సెల్‌లో వేసుకున్నారు, వచ్చింది 500. యూనివర్సల్ క్రెడిట్‌లో, అంటే తక్కువ ఆదాయం వాళ్ళకి గవర్నమెంట్ నెలనెలా ఇచ్చే సాయంలో అయితే ముందు మనం కట్టి రసీదు పెడితే ఒక లిమిట్ వరకు 85 శాతం దాకా తిరిగిస్తారు, కానీ రెండూ కలిపి తీసుకోడానికి లేదు, యూనివర్సల్ క్రెడిట్ ఓకే అయిందంటే టాక్స్-ఫ్రీ ఆగిపోతుంది. కేర్ హోమ్‌లో చేసే నా ఫ్రెండ్‌కి, వాళ్ళాయనది డెలివరీ పని, వాళ్ళ జీతాలకి యూనివర్సల్ క్రెడిటే లాభం, ఐటీలో ఉన్న ఇంకో ఆవిడ చెప్పిందని ఏడాదిపాటు టాక్స్-ఫ్రీలోనే ఉండిపోయింది పాపం. అలాగని అందరూ యూనివర్సల్ క్రెడిట్‌కి పెట్టుకోలేరు, సేవింగ్స్ 16,000 పౌండ్లు దాటితే ఇవ్వరు, మనవాళ్ళు ఊళ్ళో కొన్న ప్లాటు కూడా ఆస్తి కింద లెక్కే. ఆఫీసుల ద్వారా వచ్చే పాత చైల్డ్‌కేర్ వోచర్ల స్కీమ్ 2018 అక్టోబర్‌లోనే కొత్తవాళ్ళకి మూసేశారు, దాని గురించి ఇంకా వాట్సాప్‌లో తిప్పేవాళ్ళకి దండం.

ఇక ఆ 30 గంటలు. టాక్స్-ఫ్రీతో కలిపి తీసుకోవచ్చు, అదొక్కటి మంచిది. కానీ అది ఏడాదికి 38 వారాలే, అంటే స్కూళ్ళు నడిచే రోజులకే, ఆఫీసులకేమో సమ్మర్ హాలిడేస్ ఉండవు కదా, ఏడాదంతా సర్దమంటే వారానికి 22 గంటలకి పడిపోతుంది. పైన భోజనానికి, డైపర్లకి నర్సరీ వేరేగా తీసుకుంటుంది. మా చంటిదాని బిల్లులో పైన గంటల ఎదురుగా సున్నా ఉంటుంది, కింద లంచ్, నాప్పీస్, సన్‌క్రీమ్, ఔటింగ్ అని అరపేజీ ఉంటుంది.

30 గంటలకీ, టాక్స్-ఫ్రీకీ మూడు నెలలకోసారి ఆన్‌లైన్లో లాగిన్ అయ్యి మా ఉద్యోగాలు అలాగే ఉన్నాయని చెప్పాలి. నేనొకసారి మర్చిపోయా, నాదే తప్పు, ఆ నెల ఫీజు కట్టబోతే టాక్స్-ఫ్రీ అకౌంట్లో మా డబ్బే ఉంది, వాళ్ళ వాటా పడలా. ఇప్పుడు ఫ్రిజ్ మీద తేదీ అంటించా, ఫోన్లో రెండు అలారాలు.

ఇంకోటి, ఇద్దరిలో ఏ ఒక్కరి ఆదాయమైనా ఏడాదికి లక్ష పౌండ్లు దాటిందా, ఒక్క పౌండైనా సరే, 30 గంటలూ టాక్స్-ఫ్రీ రెండూ పోతాయి. అదే ఇద్దరూ చెరి 99 వేలు తెచ్చుకుంటే అన్నీ వస్తాయి! ఇదెక్కడి న్యాయమో మరి. అందుకే బోనస్ వచ్చే నెలలో మనవాళ్ళు పెన్షన్‌లో ఎక్కువ వేసి లక్ష కిందకి దించుకుంటారు.

ఈ ఉత్తరం మొత్తం వెయ్యడానికి చోటు లేకపోతే ఈ ఒక్క ముక్కన్నా వెయ్యండి. సెప్టెంబర్ టర్మ్‌కి 30 గంటలు కావాలంటే, నర్సరీకి ఇవ్వాల్సిన కోడ్‌కి ఆగస్టు 31 లోపే అప్లై చెయ్యాలి, జనవరికైతే డిసెంబర్ 31, ఏప్రిల్‌కైతే మార్చి 31. మా ఆడపడుచు పాప తొమ్మిదో నెల ఆగస్టులోనే నిండింది, తను సెప్టెంబర్ మధ్యలో తీరిగ్గా అప్లై చేసింది, జనవరి దాకా మొత్తం ఫీజు కట్టుకుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
రెడింగ్, ఇంగ్లండ్