గల్ఫ్ కార్మికుల పిల్లలకూ స్థానికత మినహాయింపు ఇవ్వాలి

సంపాదకులు గారికి నమస్కారం.

తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ వరకు నాలుగేళ్లూ రాష్ట్రంలోనే చదివినవారిని మాత్రమే వైద్య విద్య ప్రవేశాల్లో స్థానికులుగా పరిగణించాలన్న తెలంగాణ ప్రభుత్వ నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న సమర్థించింది. 2024 జులైలో జీవో 33 వెలువడిన నాటి నుంచి నడిచిన వివాదం దానితో ముగిసింది. ఆ నిబంధనను నేను తప్పుపట్టడం లేదు. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో చదువుకుని నీట్ రాసిన పల్లెటూరి పిల్లకు దక్కవలసిన సీటు, ఈ రాష్ట్రంతో పేరుకు మాత్రమే సంబంధం ఉన్నవారి చేతిలోకి పోకూడదనే నేనూ అంటాను. నా విన్నపమంతా దానికి ఇచ్చిన మినహాయింపుల గురించే.

ఆ కేసు విచారణలో రాష్ట్ర ప్రభుత్వం కొన్ని వర్గాలకు సడలింపు ఇస్తామని అంగీకరించింది. రాష్ట్రం వెలుపల పనిచేసిన ప్రభుత్వోద్యోగుల పిల్లలు, తెలంగాణ క్యాడర్ అఖిల భారత సర్వీసు అధికారుల పిల్లలు, ఇక్కడి నుంచి సైన్యంలోనూ కేంద్ర సాయుధ బలగాల్లోనూ చేరినవారి పిల్లలు, బదిలీలుండే ప్రభుత్వ సంస్థల సిబ్బంది పిల్లలు అందులో ఉన్నారు. తల్లిదండ్రుల ఉద్యోగం ఎక్కడికి తీసుకుపోతే అక్కడే పిల్లలు చదువుకోవలసి వస్తుంది కాబట్టి, వారిని ఆ కారణంగా స్థానికేతరులను చేయడం అన్యాయమన్నది దీని వెనకనున్న ఆలోచన. ఇది న్యాయమైన ఆలోచనే. అయితే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ జిల్లాల నుంచి కువైట్‌కో మస్కట్‌కో వెళ్లిన ఏసీ మెకానిక్ కూతురి విషయంలో ఇదే ఆలోచన ఎందుకు చెల్లదో నాకు అర్థం కావడం లేదు. బదిలీ ఉత్తర్వు అందుకుని వెళ్లిన వాడికి లేని శిక్ష, ఊళ్లో పని దొరకక అప్పు చేసి వీసా కొనుక్కుని వెళ్లిన వాడి బిడ్డకు ఎందుకు పడాలి?

కువైట్‌లోని ఒక భారతీయ పాఠశాలలో చాలా ఏళ్లు భౌతికశాస్త్రం బోధించాను కనుక ఈ కుటుంబాలను దగ్గరగా చూశాను. గల్ఫ్‌లో కుటుంబ వీసాకు కనీస జీతం పరిమితి ఉంటుంది. అందుకే కూలి పనులకు వెళ్లినవారిలో ఎక్కువమంది భార్యాబిడ్డలను ఊళ్లోనే వదిలి వెళతారు. తీసుకెళ్లగలిగేది నర్సులు, ఫోర్‌మన్లు, అకౌంటెంట్లు, కాస్త నైపుణ్యమున్న మెకానిక్కులు. వీరు ధనవంతులు కారు. కువైట్‌లోని అబ్బాసియా ప్రాంతంలో ఒకే ఫ్లాట్‌ను రెండు కుటుంబాలు పంచుకుని, స్కూలు ఫీజు కట్టాక మిగిలిందాన్ని ఊరికి పంపేవారు. పన్నెండో తరగతి అయిపోయాక వీరి పిల్లలకు అక్కడ దారి ఉండదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ప్రధానంగా ఆ దేశ పౌరుల కోసం నడుస్తాయి, ప్రైవేటు వాటి ఫీజులు అందుకోలేనివి, ఎన్నేళ్లున్నా పౌరసత్వం రాదు. ఇంటికి తిరిగి రావడం తప్ప గత్యంతరం లేని పిల్లలకు ఇంటి దగ్గర కూడా ‘మీరు స్థానికులు కారు’ అన్న మాటే ఎదురవుతోంది.

ఇంజినీరింగ్‌లో పరిస్థితి కొంత మేలు, కానీ ఆ మేలు ఉన్నదని తెలిసినవారు తక్కువ. రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి. మిగిలిన 15 శాతానికి, తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివసించి ఉంటే, వారి పిల్లలు కూడా పోటీపడవచ్చు. తల్లిదండ్రులు బయట ఉద్యోగం చేసిన కాలాన్ని మినహాయించి ఆ పదేళ్లూ లెక్కిస్తారు. అంటే గల్ఫ్ కార్మికుల పిల్లలకు ఒక తలుపు తెరిచే ఉంది. దానికి కావలసింది తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం.

ఆ పత్రం దగ్గరే కథ అడ్డం తిరుగుతుంది. నా పూర్వ విద్యార్థి ఒకడు ఏడో తరగతి వరకు సొంతూరి జిల్లా పరిషత్ పాఠశాలలో చదివి, ఎనిమిది నుంచి పన్నెండు వరకు కువైట్‌లో చదివాడు. ఎంసెట్‌లో, ఇప్పటి పేరుతో చెప్పాలంటే ఈఏపీసెట్‌లో, మంచి ర్యాంకు వచ్చింది. ధ్రువపత్రాల పరిశీలనలో ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు చూసి, తండ్రి పదేళ్ల నివాసానికి ఆధారం తెమ్మన్నారు. తండ్రికి సెలవు దొరకలేదు, తల్లి ఒక్కతే కార్యాలయాల చుట్టూ తిరిగింది. కుటుంబం ఊళ్లో లేదని రేషన్ కార్డులో పేర్లు అప్పటికే తీసేశారు. తండ్రి పదో తరగతి మెమో, సొంతింటి పన్ను రసీదులు, పాత పాస్‌పోర్టు అన్నీ చూపించినా ఏ కాగితం చెల్లుతుందో అక్కడెవరూ తేల్చి చెప్పలేకపోయారు. పత్రం చేతికొచ్చేసరికి మొదటి విడత కౌన్సెలింగ్ ముగిసింది. ఆ కుర్రాడు తన ర్యాంకుకు రావలసిన కళాశాలలో చేరలేకపోయాడు.

ఇంతకన్నా బాధ కలిగించే సంగతి మరొకటి ఉంది. ఎన్ఐటీల్లో విదేశాల్లో చదివినవారి కోసం దాసా అనే ప్రవేశ విధానం ఉంది. అందులో గల్ఫ్‌లో పనిచేసే భారతీయుల పిల్లలకు ప్రత్యేక విభాగం ఉంది. మిగతా దాసా విద్యార్థులు డాలర్లలో కట్టే పెద్ద ఫీజు వీరికి ఉండదు, ఇక్కడి విద్యార్థుల ఫీజే వర్తిస్తుంది. జేఈఈ మెయిన్ ర్యాంకుతోనే సీటు వస్తుంది, ఆ పరీక్షకు గల్ఫ్‌లోనే కేంద్రాలున్నాయి. కానీ పదకొండు, పన్నెండు తరగతులు విదేశంలోనే చదివి ఉండాలన్నది షరతు. స్థానికతకేమో తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఇక్కడే చదవాలి. ఈ రెండు షరతులూ తెలియని తల్లిదండ్రులు పదో తరగతి కాగానే పిల్లవాణ్ణి ఇంటర్ కోసం హైదరాబాద్ హాస్టల్లో చేర్పిస్తారు. దాంతో దాసా అర్హత పోతుంది, నాలుగేళ్ల స్థానికతా రాదు, రెంటికీ చెడిన రేవడి అవుతాడు. ఈ నిర్ణయం నిజానికి ఎనిమిదో తరగతి ముగిసేలోపు, అన్నీ తెలిసి తీసుకోవలసినది. పదమూడేళ్ల బిడ్డ భవిష్యత్తును ఊహాగానాల మీద నిర్ణయించుకునే దుస్థితి తల్లిదండ్రులకు రాకుండా చూడటం ఏమంత కష్టమైన పని కాదు. గల్ఫ్‌లోని భారతీయ పాఠశాలల ద్వారా తెలుగు కుటుంబాలకు ఏడాదికొకసారి ఈ సమాచారం అందిస్తే చాలు. ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్ఆర్టీ సొసైటీ వంటి సంస్థ ఉన్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ పని రేపే మొదలుపెట్టవచ్చు. రాజంపేట, కోనసీమ ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లిన కుటుంబాలకూ ఇదే అయోమయం ఉంది.

సడలింపు ఇస్తే సంపన్న ప్రవాసులు దూరిపోతారన్న అభ్యంతరం వస్తుంది. దానికి షరతులు పెట్టవచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరు ఇక్కడే పుట్టి పదో తరగతి వరకు ఇక్కడే చదివి ఉండాలని, బిడ్డకు భారత పౌరసత్వమే ఉండాలని, జీతం ఒక పరిమితికి మించకూడదని, ఉద్యోగ వీసా మీద వెళ్లినవారికే ఇది వర్తిస్తుందని రాయవచ్చు. భివండీ, సూరత్‌లలో మగ్గాలు నేసే మనవారి పిల్లల మాటేమిటన్న ప్రశ్న కూడా వస్తుంది. అది న్యాయమైన ప్రశ్నే, దాన్నీ పరిశీలించాలి. కానీ భివండీలో చదివిన పిల్లవాడు మహారాష్ట్రలోనైనా స్థానికుడు కాగలడు. కువైట్‌లో చదివిన మన పిల్లవాడికి ఆ దారి కూడా లేదు.

గల్ఫ్ కుటుంబాల పట్ల తెలంగాణ ప్రభుత్వానికి పట్టింపు లేదని నేను అనను. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం, గల్ఫ్ కార్మికుల పిల్లలకు గురుకులాల్లో ప్రాధాన్యం 2024లో ప్రకటించినవే. గురుకులంలో చేరేటప్పుడు మనవాడైన బిడ్డ వైద్య కళాశాలలో చేరేటప్పుడు పరాయివాడు ఎలా అవుతాడన్నదే నా ప్రశ్న. వైద్య విద్య నిబంధనల్లో ఈ సడలింపు చేర్చడానికి రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు సరిపోతుంది. ఇంజినీరింగ్ విషయంలో స్థానికత నిర్వచనం రాష్ట్రపతి ఉత్తర్వులో ఉంది కాబట్టి కేంద్రానికి రాయాలి, దానికి సమయం పడుతుంది. ఈలోగా చేయగలిగిన పనులు రెండున్నాయి. పదేళ్ల నివాసానికి తహసీల్దార్లు అంగీకరించవలసిన ఆధారాల జాబితాను రెవెన్యూ శాఖ స్పష్టంగా ప్రకటించి, మీసేవ ద్వారా విదేశం నుంచే దరఖాస్తు చేసుకునే వీలు కల్పించాలి. నీట్‌కు 2021లోనే కువైట్, దుబాయ్‌లలో కేంద్రాలు పెట్టగలిగినప్పుడు, ఈఏపీసెట్‌కు కూడా కనీసం ఆ రెండు నగరాల్లో కేంద్రాలు పెట్టాలి. వేసవి సెలవుల్లో విమాన టికెట్ల ధర ఎంతుంటుందో గల్ఫ్‌లో పనిచేసిన ప్రతి ఒక్కరికీ తెలుసు.

వచ్చే విద్యా సంవత్సరపు ప్రవేశ ప్రకటనలు వెలువడకముందే విద్య, వైద్య ఆరోగ్య శాఖల మంత్రులు ఈ విషయం మీద ఒక నిర్ణయం ప్రకటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
జగిత్యాల జిల్లా