తోట ట్రాక్టర్ల సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ముందుగా వరదలో మునిగిన మిత్సుబిషి ట్రాక్టరు కబురు. ఏడాది పొడవునా కనపడ్డవాళ్లంతా నన్ను అడిగింది దాని గురించే. బండి నడుస్తోంది. మార్చి నుంచీ గోదావరి లంకలో, దాని సొంత తోటలోనే రోటవేటర్ (మట్టిని గుల్లచేసే పనిముట్టు) వేసుకుని తిరుగుతోంది.

కొత్తగా చేరినవారి కోసం కొంచెం వివరంగా చెబుతాను. అది మూడు సిలిండర్ల, 18.5 హార్స్‌పవర్ శక్తి ఎంటీ 180డి. మిత్సుబిషి సహకారంతో 1967లో బెంగళూరులో మొదలైన వీఎస్‌టీ కంపెనీ బండి. మనవాళ్లు మాత్రం ముందునుంచీ ‘మిత్సుబిషి’ అనే పిలుస్తారు. కొబ్బరితోటకి ఇంత అమరిన బండి ఇంకోటి నేను చూడలేదు. చెట్టుకీ చెట్టుకీ మధ్య దాదాపు 8 మీటర్లు ఉంటుంది. ఆ సందులోనే అరటో కోకోనో వేసుకుంటాం, మధ్యమధ్య బోదెలు తీసుకుంటాం. పెద్ద ట్రాక్టరు అక్కడికి వెళ్లగలదు గాని తిరగలేదు. ఈ చిన్నది చెట్ల మధ్యనుంచి మేకపిల్లలా దూరిపోతుంది.

పోయిన జూలైలో గోదావరి పెరిగి లంకల మీదికి వచ్చినప్పుడు, ఆ ఇంటివాళ్లు పశువుల్ని గట్టు మీదికి తోలి, పిల్లల్ని పడవెక్కించి, బండిని షెడ్డులో వదిలేసి వచ్చారు. చేయాల్సింది అదే. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే సీటు మీద జానెడు ఒండ్రు. సెల్ఫ్ కొడితే టక్కుమని ఆగిపోయింది. రెండోసారి కొట్టకుండా మాకు ఫోన్ చేశారు. ఆ తెలివే ఇంజన్ని కాపాడింది. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. సిలిండర్లో నీళ్లుండగా బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. ఈ ముక్క లంకల్లో ఉన్న ప్రతి సభ్యుడూ ఇంట్లో అందరికీ చెప్పి ఉంచాలి: మునిగిన బండిని ఎవరూ స్టార్ట్ చేయకూడదు.

మన పెద్ద మిస్త్రీగారు హెడ్ విప్పకముందే ‘ఒక్కటే పట్టేసి ఉంటుందండీ, మిగతావి బాగానే ఉంటాయి’ అన్నారు. విప్పి చూస్తే సరిగ్గా అంతే. ఇంజన్ ఆగినప్పుడు ఏ సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుని ఉందో, సైలెన్సర్ గొట్టంలోంచి నీళ్లు దాంట్లోకే దిగుతాయి. ఆ ఒక్క సిలిండరూ లోపలంతా ఇటుకపొడి రాసినట్టు ఎర్రగా ఉంది.

ఆ పిస్టన్ కదలడానికి పదకొండు రోజులు పట్టింది. డీజిలూ పల్చటి ఇంజన్ ఆయిలూ కలిపి సిలిండర్ నిండా పోసి నానబెట్టాం. సుత్తిని మిస్త్రీగారు తన పక్కన పెట్టుకుని కుర్రాళ్లెవరికీ ఇవ్వలేదు. తుమ్మచెక్కని గుండ్రంగా చెక్కించి పిస్టన్ మీద ఆనించారు. రోజూ సాయంత్రం దాని మీద కొయ్యసుత్తితో మెల్లగా నాలుగు దెబ్బలు వేసి, ఫ్లైవీలు పళ్లలో గడ్డపార మొన పెట్టి ముందుకి వెంట్రుకవాసి, వెనక్కి వెంట్రుకవాసి కదిపేవారు. ‘తిప్పకండి బాబూ, ఊపండి. ఉయ్యాల్లో పిల్లని ఊపినట్టు ఊపండి’ అని మాచేత కూడా చేయించారు. పదకొండో రోజు చీకటిపడే వేళ ఫ్లైవీలు ఒక వేలు మందం జరిగింది. చప్పుడేమీ రాలేదు. పైన పోసిన నూనె పిస్టన్ అంచునుంచి సన్నటి బుడగలతో కిందికి దిగిపోయింది. ఎనిమిది మందిమి సెల్‌ఫోన్ లైట్లు పట్టుకుని ఆ నూనె దిగడమే చూస్తూ నిలబడ్డాం.

తర్వాత మూడు సిలిండర్ల బోర్లూ ఒకే సైజుకి చేయించి కొత్త పిస్టన్లు, రింగులు వేశాం. పాడైంది ఒక్కటే కదా, మిగతా రెండూ ఎందుకని అడిగినవారికి మిస్త్రీగారి సమాధానమే నా సమాధానం: ముగ్గురు మోసే పల్లకీలో ఒకడు పొడుగైతే నడక కుదరదు.

డీజిల్ పంపు, ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల పని మాత్రం మనల్ని బాధపెట్టింది. పక్క పట్నంలో ఒక షాపుకి ఇచ్చాం. కొత్త నాజిళ్లు వేశామని డబ్బు తీసుకుని, పాతవే కడిగి బిగించి ఇచ్చారు. డీజిల్ పైపుల్లో గాలి తీసి స్టార్ట్ చేస్తే తెల్లపొగ, ఒక సిలిండర్ అసలు కొట్టదు. నాజిళ్లు విప్పి బయటే పైపులకి బిగించి, కింద తెల్ల కాగితం పెట్టి ఇంజన్ని తిప్పాం. రెండు మంచులా చిమ్మాయి, మూడోది చుక్కలు చుక్కలుగా కారింది. ఇలా చూసేటప్పుడు నాజిల్ ముందు చేయి పెట్టవద్దని అందరికీ చేతులెత్తి చెబుతున్నాను. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మంలోంచి లోపలికి దూరుతుంది. పైకి సూదిపోటంత గాయమే కనిపిస్తుంది, వేలు తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది. ఇకమీదట సంఘం పేరుతో ఏ పని బయటికి ఇచ్చినా, పాత సామాను మనకి తిరిగి ఇచ్చాకే డబ్బు ఇవ్వాలని కార్యవర్గం తీర్మానించింది.

తుప్పు వదిలించడం

ఉప్పుగాలి, రొయ్యల చెరువులు, ఏడాదిలో సగం బురద. మన ప్రాంతంలో ఇనుము బతకడం కష్టం. ఈ ఏడాది మొలాసిస్ (చక్కెర మిల్లులో మిగిలే మడ్డి) పద్ధతి మొదటిసారి చేసి చూశాం. ఒక వంతు మొలాసిస్, తొమ్మిది వంతుల నీళ్లు, పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ము. రిమ్ములు, బ్రాకెట్లు, నట్లూ బోల్టులూ అందులో వేసి రెండు వారాలు మరిచిపోవాలి. తీసి నీళ్లతో కడిగితే బూడిదరంగు ఇనుము బయటపడుతుంది. వెంటనే తుడిచి నూనె పట్టించాలి, పూట గడిస్తే మళ్లీ ఎర్రబడుతుంది. యాసిడ్ కంటే ఇది వెయ్యిరెట్లు నయమని నా అభిప్రాయం. చేతులు కాలవు, మంచి ఇనుము తినేయదు. అల్యూమినియం సామాను మాత్రం అందులో వేయకూడదు. మేము చూసుకోక ఒక మూతని వేశాం. పది రోజుల తర్వాత మశూచి వచ్చినట్టు గుంటలు పడి బయటికి వచ్చింది. ఆ మూత ఇప్పుడు షెడ్డు గోడకి తగిలించి ఉంది, వచ్చినవాళ్లకి చూపించడానికి. వాసనకి ఇబ్బంది పడిన పక్కింటివారికి సంఘం తరఫున క్షమాపణ చెప్పి, డ్రమ్ముని తోట చివరికి మార్చాం.

మార్పులు చేయవచ్చా

సెప్టెంబరు సమావేశం రాత్రి పదకొండు దాకా సాగింది ఈ ఒక్క విషయం మీదే. పాత బండిని కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే నిలబెట్టాలని కొందరు. తోటకి పనికొచ్చేలా మార్చుకోవాలని కొందరు. అంబాజీపేట వైపు సభ్యుడొకరు సీటు నాలుగు అంగుళాలు కిందికి దించి, వేలాడే మట్టలు మొహానికి కొట్టకుండా ముందు రెండు వంపు పైపులు పెట్టుకున్నారు. కడియం నర్సరీ సభ్యురాలు టిల్లరు (హ్యాండిళ్లు పట్టుకుని నడిపే రెండు చక్రాల దుక్కి యంత్రం) చక్రాలు దగ్గరికి జరిపించి, మొక్కల సంచులు మోయడానికి చిన్న ట్రాలీ చేయించారు. వరసల మధ్య పెద్దగా సందు వదలని నర్సరీలో ఆ బండి తిరగడం చూసి తీరాలి.

నేను మొదట ఉన్నదున్నట్టు ఉంచాలనే పక్షంలో ఉన్నాను. ఆ నర్సరీ చూసి వచ్చాక మనసు మారింది. చివరికి అందరం ఒప్పుకున్న మాట ఇది: ఏ మార్పైనా బోల్టులతో బిగించాలి, వెల్డింగు చేయకూడదు. పోత ఇనుము భాగాలకి కోత పెట్టకూడదు. తీసేసిన సామానుకి గ్రీజు రాసి, చీటీ కట్టి దాచాలి. రేపు ఇంకొకరు దాన్ని పాత రూపానికి తేవాలంటే ఒక పూటలో తేగలగాలి. రంగు సంగతి కూడా అప్పుడే తేల్చాం. ఇంజన్ పలికి, బండి పొలంలో ఒక రోజు పనిచేసి వచ్చేదాకా రంగు డబ్బా మూత తీయకూడదు.

ఒక సభ్యురాలు కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లి, అక్కడ పాత గార్డెన్ ట్రాక్టర్ల జాతర చూసి వచ్చారు. 1946లో సౌత్ బెండ్‌లో మొదలైన వీల్ హార్స్ బండ్లు, 1961లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ తెచ్చిన ఏడు హార్స్‌పవర్ కబ్ కేడెట్, 1963 నాటి జాన్ డీర్ 110, అన్నీ కొత్త పెళ్లికూతుళ్లలా నిలబెట్టారట. అక్కడివి ఎక్కువగా పెట్రోలు ఇంజన్లు, పని పచ్చిక కోయడం, మంచు తోయడం. 1963లో మన దేశంలో మహీంద్రావారితో కలిసి కంపెనీ పెట్టి, బి-275 ట్రాక్టరు తెచ్చింది కూడా ఆ ఇంటర్నేషనల్ హార్వెస్టరే. మన తాతల కాలంలో ఈ పొలాల్లో తిరిగిన బండికీ ఆ కబ్ కేడెట్‌కీ పుట్టిల్లు ఒకటేనన్నమాట. ఆమె తెచ్చిన అలవాటు ఒకటి మనకి బాగా కలిసొచ్చింది. విప్పిన ప్రతి బోల్టూ విప్పకముందే ఫోటో తీయడం, విప్పాక కోడిగుడ్ల అట్టలో వరసగా పెట్టడం.

ప్రమాదం

డిసెంబరులో జరిగింది మరిచిపోవాలనిపించినా రాయక తప్పదు. పడిపోయిన కొబ్బరి చెట్టు మోడు పీకడానికి మన సభ్యుడొకరు బండికి గొలుసు కట్టారు. డ్రాబార్ (వెనక కిందుగా ఉండే లాగుడు కమ్మీ) అందుబాటులో లేదని, పనిముట్టు పైకొసని పట్టుకునే టాప్ లింక్ బిగించే చోట కట్టారు. మోడు కదల్లేదు, వెనక చక్రాలు పట్టు దొరకబుచ్చుకున్నాయి, ముందు చక్రాలు గాల్లోకి లేచాయి. క్లచ్ తొక్కే లోపే బండి వెనక్కి తిరగబడింది. ఆయన పక్కనున్న బోదెలోకి పడటం వల్ల బతికారు. భుజం విరిగింది, ఇప్పుడు కోలుకున్నారు. ఆయనే నన్ను ఇది రాయమన్నారు.

లాగుడు వెనక ఇరుసు కంటే పైన తగిలితే, ఇరుసు చుట్టూ బండి తనని తానే ఎత్తేసుకుంటుంది. కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. గొలుసు ఎప్పుడూ డ్రాబార్‌కే, ఇరుసు కంటే కిందనే కట్టాలి. మన పాత బండ్లకి మనిషిని కాపాడే ఇనుప చట్రం ఉండదు. మోళ్లు పీకే పనికి వాటిని అసలు వాడవద్దనే నేను కోరుతున్నాను. చుట్టూ తవ్వి, వేళ్లు నరికి, మనుషులతో దొర్లించడం నిదానమే కావచ్చు, అలాగే చేద్దాం.

రోటవేటర్ వేసేవారికి ఇంకో మాట. కొబ్బరి చెట్టు వేళ్లు ఎక్కువభాగం మొదలు చుట్టూ రెండు మీటర్ల లోపే ఉంటాయి. అక్కడిదాకా బండి తీసుకెళ్లకండి. పాదు పని పారతో చేసుకోవాల్సిందే.

సంక్రాంతి

భోగినాడు అమలాపురం దగ్గర ఒక సభ్యుడి తోటలో బండ్లన్నీ వరసగా పెట్టాం. పిల్లలు ఎక్కి దిగారు. పెద్దలు మాత్రం దగ్గరికి వచ్చి బానెట్ మీద చేయి వేసి నిలబడిపోయారు. ఒక పెద్దాయన టిల్లరు హ్యాండిల్ అడిగి తీసుకుని, డీకంప్రెషన్ లివర్ (ఇంజన్ తేలిగ్గా తిరిగేలా లోపలి ఒత్తిడి వదిలే మీట) ఎత్తి, బొటనవేలు మిగతా వేళ్లతో కలిపే పట్టుకుని (ఎదురు తిప్పితే మణికట్టు విరగకుండా అలాగే పట్టుకోవాలి) మూడు చుట్లలో స్టార్ట్ చేశారు. ముట్టుకుని ఇరవై ఏళ్లయిందట. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి రెండు టిల్లరు ట్రాలీల్లో మంచినీళ్ల డ్రమ్ములు తీసుకెళ్లాం. ఏకాదశ రుద్రుల ప్రభలు మనుషుల భుజాల మీద రావాల్సినవి, ఆ దారిలోకి బండ్లు తీసుకెళ్లలేదు, పుంతలోనే ఆపాం. వచ్చే ఏడు డ్రమ్ములు ఇంకా పెంచాలి, మధ్యాహ్నానికే నీళ్లు అయిపోయాయి.

మిస్త్రీల పుస్తకం

టిల్లర్ల గేరుబాక్సు పనిలో మనకి దిక్కుగా ఉన్న మిస్త్రీగారు ఫిబ్రవరిలో కాలం చేశారు. ఆయన గేరు చప్పుడు విని ఏ బేరింగు పోయిందో చెప్పేవారు, విప్పకుండానే. చెవికి స్క్రూడ్రైవర్ పిడి ఆనించి, మొన గేరుబాక్సు మీద పెట్టి కళ్లు మూసుకునేవారు. ఆ వినికిడి మనలో ఒక్కరం కూడా నేర్చుకోలేదు. ఆయన ఉన్నన్నాళ్లూ ఆయనే ఉన్నారు కదా అనుకున్నాం. నాకు ఈ ఏడాది మిగిలిన పెద్ద బాధ ఇదే.

అందుకే మార్చి నుంచి ఒక నోటుపుస్తకం పెట్టాం. ప్రతి ఆదివారం ఇద్దరు సభ్యులు పెద్ద మిస్త్రీగారి దగ్గర కూర్చుని ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాస్తున్నారు, చప్పుళ్లని ఫోనులో రికార్డు చేస్తున్నారు. బాగున్న బేరింగు చప్పుడు, పోయిన బేరింగు చప్పుడు పక్కపక్కన. మీ ఊళ్లో పాత మిస్త్రీలు ఎవరున్నా దయచేసి చెప్పండి, మేమే వస్తాం. తుక్కుకి వెళ్లే బండిని కొని తెచ్చుకోవచ్చు. ఈ విద్యకి ఆ వీలు లేదు.

జమాఖర్చులు

పట్టిక సభలో చదివి వినిపిస్తాం, రసీదులన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి. మిత్సుబిషి సామాను ఖర్చు యజమానే పెట్టుకున్నారు, పని మనది.

వచ్చే ఏడాది

కేరళ కామ్‌కో కంపెనీ 12 హార్స్‌పవర్ కుబోటా టిల్లరు ఒకటి రాజోలు వైపు తాటాకు పాక కింద దొరికింది. గేర్లు పడటం లేదు, ఇంజన్ తిరుగుతోంది. కాలువలు కట్టేశాక, మే నెల మొదటి ఆదివారం ఉదయం ఏడింటికి దాన్ని విప్పుతాం. పెద్ద మిస్త్రీగారు వస్తానన్నారు. ఎవరి పానాలు వాళ్లే తెచ్చుకోండి, కోడిగుడ్ల అట్టలు కూడా నాలుగు తెండి. విప్పకముందు ఆ గేరుబాక్సు మీద అందరం ఒకరి తర్వాత ఒకరం స్క్రూడ్రైవర్ పెట్టి వినాలి, ఎవరికి ఏం వినపడిందో పుస్తకంలో రాయాలి, ఆ తర్వాతే మూత తీస్తాం.

ఇట్లు,
కార్యదర్శి